ఇంకాస్తక్క చేతి చలవ

రాజ్యాలు కత్తి మొన మీద నిలిచాయని చరిత్రకారులు రాసుకున్నారు. ఒక వంశం మూడు తరాలుగా గరిటె మీద నిలిచిన సంగతి మాత్రం ఎవరూ రాయలేదు. అమ్మమ్మ, "చాలు" అన్నాక మరో గరిటె వేసేది. అమ్మ రెండు వేసేది. ఆ కిరీటం మనవరాలికి దక్కేసరికి "చాలు" అన్న మాటకు ఆ ఇంట్లో అర్థమే లేకుండా పోయింది. ఆమెను ఇంటా బయటా ఇంకాస్తక్క అంటారు.

బయట అంటే మొక్కల ల్యాబు. అక్కడా ఆమెది ఒక రకంగా వంట పనే. చక్కెర, లవణాలు, గడ్డకట్టే పొడి కలిపి ఉడికించి, ఎదుగుదలకు హార్మోను కొలిచి వేసి, గాజు సీసాల్లో పోస్తుంది. అందులో ఒక మూలిక తునకలు పెడితే తెల్లటి ముద్దలుగా పెరుగుతాయి. అడవిలో ఆ మూలికను జనం మొదలంటా పెరికేస్తున్నారు కనుక, దాని వేళ్లలో ఉండే చేదు మందును సీసాల్లోనే పండించాలని ల్యాబు పెద్ద సారు పట్టుదల.

హార్మోను కొలత సారు చెప్పేవారు. ఇంకాస్తక్క అంతే కొలిచి, ఆపైన, పసికూనలు కదా అని, ఎవరూ చూడకుండా ఇంకో చుక్క వేసేది. ముద్దలు దూది దిండ్లలా ఉబ్బాయి. చూసి మురిసిపోయేది. పరీక్షలో మందు మాత్రం సున్నా.

"కొలత సగం చేద్దామమ్మా," అన్నారు సారు. సగం చేసింది, జాలేసి రెండు చుక్కలు కలిపింది. "పావు చేద్దాం." పావుకు మూడు కలిపింది. సంధి చర్చలు ఇలా సాగుతుండగా పైనుంచి కబురొచ్చింది. ఈసారీ మందు రాకపోతే మూలిక గది మూసేస్తారు. ఇంకాస్తక్కను సీసాలు కడగడానికి పంపుతారు.

"ఇంత బలంగా ఉన్నాయి కదా, మందెందుకు రాదు సార్?"

"బలానికేం, బస్తాల్లా ఉన్నాయి. వేరు ఒక్కటైనా ఉందా? హార్మోను తగ్గితేగానీ వేరు పుట్టదమ్మా. ఇంత తగ్గించినా ఎందుకు పుట్టట్లేదో నా బుర్రకి అందట్లేదు."

ఇంకాస్తక్క నేల చూపులు చూసింది.

ఆ సాయంత్రం భర్త పళ్లానికి రెండు చేతులూ అడ్డం పెట్టాడు. ఆమె చేతుల సందులోంచి వడ్డించింది.

"ఆకలేస్తే నేనే వంటింట్లోకి నడిచొస్తా కదే! అసలు ఆకలి వెయ్యనిస్తే కదా నువ్వు! పెళ్లయినప్పట్నుంచీ వంటిల్లు ఏ దిక్కునుందో కూడా నాకు తెలీదు."

"తెలిసి ఏం ఉద్ధరిస్తారు?" అంది గానీ, గరిటె గాల్లోనే ఆగిపోయింది. దిండ్లలాంటి ముద్దలు కళ్లముందు మెదిలాయి. అన్నీ నోటి దగ్గరికే వస్తుంటే, కాళ్లు చాపి వెతుక్కునే ఖర్మ వాటికేం పట్టింది?

మర్నాడు పావు కొలతే వేసింది. అలవాటు కొద్దీ చెయ్యి మళ్లీ లేచింది. రెండో చేత్తో దాన్ని పట్టుకుని కోటు జేబులోకి తోసేసింది.

వారాలు గడిచాయి. ముద్దలు చిక్కిపోయాయి, ముడతలు పడ్డాయి, ఎలుక తోకల్లాంటి వేళ్లు నలుదిక్కులా చాపాయి. "పస్తులుంచి చంపుతున్నాం సార్, మనకి పాపం తగుల్తుంది," అని ఆమె ముక్కు చీదుతుండగానే పరీక్ష ఫలితం వచ్చింది. మందు ఉంది. గది నిలిచింది, ఇంకాస్తక్క పీటా నిలిచింది.

ఆ సంబరంలో ఇంటికొచ్చి భర్తకు నాలుగు గరిటెలు ఎక్కువే వడ్డించింది.

"ఇంతకీ ఆ మందు దేనికే?" అన్నాడు ఆయన పొట్ట నిమురుకుంటూ.

"అజీర్తికి."