కొనని ఇంటికి మరమ్మతులు

ఇప్పుడు ఇళ్ళు కొనేవాళ్ళని చూస్తే నాకు కొంచెం జాలేస్తుంది. ఫోన్లో ఫొటోలు చూసుకుంటారు, లిఫ్టులో పైకెళ్ళి లిఫ్టులో కిందకొస్తారు, బ్యాంకువాడు చూపించిన చోటల్లా సంతకాలు పెట్టేస్తారు. గోడలతో మాటామంతీ ఉండదు. ఆ రోజుల్లో, అంటే నేను విజయనగరంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కొత్తగా చేరి పిల్లలకి సివిక్సూ, ఇంట్లో మా ఆయనకి మిగతా సబ్జెక్టులన్నీ చెబుతున్న రోజుల్లో, ఇల్లు కొనడమంటే ముందు ఆ ఇంటివాళ్ళతో చుట్టరికం కలుపుకోవడం. వాళ్ళింట్లో కాఫీ తాగాలి, వాళ్ళ మోకాళ్ళ నొప్పులు వినాలి, వాళ్ళ నూతిలో నీళ్ళు రుచి చూడాలి. అప్పుడుగాని బేరం కుదిరినట్టు కాదు. ఆ పద్ధతిలో ఎంత ప్రమాదం ఉందో నాకు తెలిసినంతగా ఈ జిల్లాలో ఇంకెవరికీ తెలిసి ఉండదు.

మా నాన్నది రైల్వే ఉద్యోగం. పుట్టిన దగ్గర్నుంచి పెళ్ళయ్యేవరకు క్వార్టర్సులోనే పెరిగాను. ఆ గోడలకి మేకు కొట్టడానికి వీల్లేదు, వేసిన పసుపురంగు మార్చడానికి వీల్లేదు, పెరట్లో జామ మొక్క వేస్తే అది కాయ కాసేవేళకి మాకు బదిలీ. పెళ్ళయ్యాక అద్దె ఇల్లు, అక్కడా ఓనరుగారి ఆంక్షలే. అంచేత నాకు నగల పిచ్చి లేదు, చీరల పిచ్చి లేదు (మా ఆయన ఒప్పుకోరు, అది వేరే సంగతి), ఉన్నదల్లా సొంత గోడల పిచ్చి. ఎవర్నీ అడక్కుండా కూలగొట్టుకోగలిగిన గోడ, ఎవరికీ చెప్పకుండా రంగేసుకోగలిగిన గోడ నాకు కావాలి.

అలాంటి సమయంలో దొరికింది ఆ ఇల్లు. పాత వీధిలో చిన్న మండువా ఇల్లు. నాలుగు వైపులా పెంకు కప్పు లోపలికి వాలి ఉంటుంది, నడిమధ్య ఆకాశం కనబడాలి. కనబడాలి అంటున్నాను ఎందుకంటే ఆ ఇంటాయన, రిటైరైన కాంపౌండరు గారు, వాన పడుతోందని ఎప్పుడో ఆ నడిమి చోటంతా సిమెంటు రేకులతో కప్పించేశారు. ఇంట్లో పగలు కూడా లైటు వెయ్యాలి. టేకు స్తంభాలకి ఆస్పత్రి బల్లల ఆకుపచ్చ పెయింటు. అంత చేసినా వానాకాలమంతా కారుతూనే ఉంటుంది. విసుగెత్తిపోయి, ఇల్లు అమ్మేసి బస్సు కాంప్లెక్సు దగ్గర అద్దె పోర్షనులోకి పోదామని ఆయనా భార్యా నిశ్చయించుకున్నారు. ఆవిడ ఏ మాటైనా "ఏటమ్మా" అని మొదలుపెట్టేది కాబట్టి మేం చాటుగా ఏటమ్మ గారు అని పిలుచుకునేవాళ్ళం.

బేరం ఒక్క పూటలో తేలిపోయింది. తాంబూలం పుచ్చుకున్నారు, బయానా ఇచ్చాం. మర్నాడే రిజిస్ట్రేషన్ చేయించేద్దామని నేనంటే, నౌపడ నుంచి మా అత్తగారు, మూఢంలో ఇల్లు కొంటే తను ఆ గడప తొక్కనని కబురు పెట్టారు. (అదొక్కటే ఆ కబురులో నాకు నచ్చిన భాగం.) శుక్రుడు కనిపించకపోతే సబ్ రిజిస్ట్రారుకి వచ్చిన నష్టమేమిటని నేను గంటసేపు వాదించాను. మా ఆయన ఎప్పటిలాగే రెండు పక్కలా తలూపి అమ్మ మాటే విన్నారు. కాంపౌండరు గారు కూడా మూఢంలో సంతకం పెట్టనన్నారు. మూఢం వెళ్ళేసరికి ఆషాఢం తగులుకుంది. ఇక శ్రావణం దాకా ఆగాల్సిందే.

ఊరికే ఆగడం నావల్ల అయ్యే పని కాదు. ప్రతి ఆదివారం టేపు పట్టుకుని ఆ ఇంటికి పోయేవాళ్ళం, ఏది ఎలా మార్చుకోవాలో చూసుకోడానికి. ఏటమ్మ గారు కాఫీ ఇచ్చి అరుగు మీద కూర్చునేది, కాంపౌండరు గారు పేపరు అడ్డం పెట్టుకుని కూర్చునేవారు, మేం నడిమధ్య నిలబడి దెబ్బలాడుకునేవాళ్ళం. మా ఆయన లెక్క ప్రకారం పెంకంతా దించేసి స్లేబు వెయ్యాలి, మండువా పూడ్చేసి హాలు చెయ్యాలి, హాల్లో టీవీకి షోకేసు కట్టించాలి. షోకేసులో ఏం పెడతారు, మీకొచ్చిన కప్పులా అని అడిగాను. (ఆయనకి జన్మలో వచ్చింది కేరమ్స్‌లో ఒక్క కప్పు. అదీ రన్నరప్పు.) నా పక్షాన నేనొక్కదాన్నే, నాతోపాటు నోరులేని ఆ ఇల్లు. అంచేత దాని తరఫున కూడా నేనే మాట్లాడాల్సి వచ్చింది. స్తంభాల మీద పెయింటు గీకించి నూనె పట్టిస్తే ఆ టేకు ఎలా మెరుస్తుందో చెప్పాను. చీకటి గదిలో నాలుగు పెంకులు తీసి గాజు పెంకులు పెడితే మధ్యాహ్నం వెలుగు ఎక్కడ పడుతుందో సుద్దముక్కతో నేల మీద గీసి చూపించాను. దూలానికి తుప్పుపట్టి వేలాడుతున్న కొక్కేలకి ఉయ్యాల బల్ల కట్టుకుంటే కాళ్ళు ఎటు పెట్టుకుని కూర్చోవాలో కూడా పీట మీద కూర్చుని చూపించాను. క్లాసులో పిల్లలు నిద్రపోయేవారుగాని, అక్కడ నా పాఠం ఎవరూ పొల్లు పోనిచ్చేవారు కాదు. ఏటమ్మ గారు అరుగు మీంచి గుమ్మంలోకీ, గుమ్మంలోంచి మండువాలోకీ జరుగుతూ వచ్చింది. నేనది కాఫీ గ్లాసుల కోసం అనుకున్నాను.

ఆషాఢంలో ఒక ఆదివారం జోరు వాన. మేం లోపల ఉండగానే రేకుల అంచుల్లోంచి ధారలు కట్టింది. మా ఆయనకి పండగ. "సూసేవా, ఇదీ నీ మండువా. ఇందుకే స్లేబు అన్నాను" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఇల్లు కారడం లేదన్నాను, రేకు కారుతోందన్నాను. నాలుగు కప్పుల నీళ్ళూ మండువాలో పడి తూములోంచి వీధిలోకి పోవాలని కట్టినవాడు కట్టాడు, ఆ నోరు మూసేసి మళ్ళీ ఇంటినే తిడితే అది ఎక్కడికి పోతుందని అడిగాను. ఆ నాలుగు రేకులూ పీకేస్తే చుక్క కారదని, కారితే నా పేరు మార్చుకుంటానని కూడా అన్నాను. కాంపౌండరు గారు పేపరు మడిచి కింద పెట్టి, తలెత్తి చాలాసేపు రేకుల వైపు చూశారు.

ఆ తర్వాతి ఆదివారం వెళ్ళేసరికి ఒక మూల రేకు తీసి ఉంది. ఊరికే, గాలికోసం తీయించానన్నారు ఆయన. మరో వారానికి ఒక స్తంభం మీద జానెడు మేర పెయింటు గీకి ఉంది. బండి మీద తిరిగొస్తూ నేను మురిసిపోయాను. మన పనులు ముందే మొదలుపెట్టారు పాపం, ఎంత మంచివాళ్ళో చూడండి అన్నాను. మా ఆయన ఏమీ అనలేదు. ఆయన మౌనానికి ఎప్పుడూ అర్థం ఉండదు కనక పట్టించుకోలేదు.

శ్రావణం వచ్చింది. పూలూ పళ్ళూ పట్టుకుని ముహూర్తం మాట్లాడదామని వెళ్ళాం. మండువా మీద రేకులన్నీ పోయి ఆకాశం కనబడుతోంది, అదీ మాకోసమే అనుకున్నాను. ముందు తినండి అని కూర్చోబెట్టారు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, పప్పు, గుమ్మడికాయ పులుసు, పరమాన్నం. ఏదో శుభకార్యానికి వడ్డించినట్టు మేం వద్దన్నా ఏటమ్మ గారు వడ్డించింది. నేను మారు వడ్డించుకుని మరీ తిన్నాను. చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాక ఆవిడ ఒక పళ్ళెం తెచ్చి నా ముందు పెట్టింది. అందులో చీర, జాకెట్టు గుడ్డ, పసుపు కుంకుమ, తమలపాకులు, ఆకుల కింద మేమిచ్చిన బయానా.

"ఏటమ్మా, ఏటనుకోకు" అంది. "ఇల్లు అమ్మడం నేదమ్మా."

నాకు మాట రాలేదు. మా ఆయన ఆ రోజుని ఇప్పటికీ తల్చుకుంటారు. చివరికి, ఇల్లు కారుతోందని కదా అమ్మకానికి పెట్టారు అన్నాను.

"కారడం నేదు గదమ్మా" అన్నారు కాంపౌండరు గారు. "రేకులన్నీ తీయించీసేను. మొన్న అంత వాన కురిసినాది, సుక్క కార్నేదు. నువ్వు సెప్పినట్టే."

"ఇన్నాళ్ళూ ఈ కొంపలో ఏటున్నాదో మాకే తెల్దు" అంది ఆవిడ. "నువ్వు సెప్తంటే ఇన్నాను. పరాయి పిల్లకి ఇంత ముద్దొస్తన్న ఇల్లు నాకెందుకు సేదైపోనాదో అనుకున్నాను."

మాట తప్పారని అరవొచ్చు, పెద్దమనుషుల్ని పిలవొచ్చు. కానీ ఆవిడ అప్పటికే నా నుదుట బొట్టు పెట్టేసింది, చీర ఒళ్ళో పెట్టేసింది. మా ప్రాంతంలో ఆడపిల్లకి అలా బొట్టు పెట్టి చీర పెట్టారంటే ఇక ఆ ఇంట్లో గొంతెత్తడానికి ఉండదు. కడుపునిండా వాళ్ళ పనసపొట్టు. తిరుగు దారిలో కోట దాటాక మా ఆయన, "నన్నొక్కణ్ణి ఒప్పించలేకపోయేవుగానీ, అమ్మేవాళ్ళని ఒప్పించీసేవే" అన్నారు. నేను ఏడ్చాను. బండి చప్పుడులో వినబడలేదని అనుకున్నానుగాని, ఆయన బండి ఆపి చెరుకురసం ఇప్పించారు.

కార్తీకంలో సత్యనారాయణ వ్రతానికి పిలిచారు. వెళ్ళేది లేదని శపథం చేసి, వాళ్ళు పెట్టిన చీరే కట్టుకుని వెళ్ళాను. స్తంభాలు మెరుస్తున్నాయి. గాజు పెంకుల వెలుగు నేను గీసిన చోటు కంటే జానెడు ఇవతల పడుతోంది. (కార్తీకం కదా, ఎండ వాలుగా ఉంటుంది. నా లెక్క తప్పు కాదు.) ఉయ్యాల బల్ల మీద కాంపౌండరు గారు నేను చెప్పిన వైపే కాళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. ఏటమ్మ గారు నా చెయ్యి పట్టుకుని, వచ్చినవాళ్ళందరి మధ్యలోంచి వంటింట్లోకి తీసుకుపోయింది. అక్కడ గోడలు ఉత్త సున్నంతో బోసిగా ఉన్నాయి.

"ఇదొక్కటీ ఉండిపోనాదమ్మా" అంది. "దీని గురించి మీరిద్దరూ ఇంకా దెబ్బలాడుకోనేదు గదా. ఏటి రంగు ఎయ్యాలో నాకు తోస్తే గదా. నువ్వు సెప్పు."

నిజమే. వంటిల్లు వచ్చే ఆదివారానికి అట్టేపెట్టుకున్నాం, ఆ ఆదివారం మాకు రాలేదు. ముదురు వంకాయ రంగు చెప్పి కసి తీర్చుకుందామని ఒక్క క్షణం అనిపించింది. కానీ కిటికీలోంచి ఎండ వచ్చి ఆ తెల్లగోడ మీద నిలబడి ఉంది. పొయ్యి ఎక్కడుంటుంది, పొగ ఎటు పోతుంది, పొద్దున్నే కాఫీ కలుపుకుంటూ ఎటు చూస్తాం, అన్నీ ఆలోచించడం మొదలుపెట్టేశాను. లేత నీలం అన్నాను. వెనకనుంచి మా ఆయన, వంటింటికి నీలమేటి, మీగడ రంగు బావుంటాది అన్నారు. మీరు వంట చేస్తారా, మీకెందుకు అన్నాను. ఏటమ్మ గారు పీట వేసుకుని కూర్చుంది. బయట హారతి గంట మోగుతున్నా మా ఇద్దరికీ పట్టలేదు.

ఇప్పుడు మేముంటున్నది మూడో అంతస్తు ఫ్లాటు. అందులో మా ఆయన షోకేసు కూడా ఉంది. ఈ గోడల రంగు గురించి మేం ఒక్కసారైనా దెబ్బలాడుకున్న గుర్తు లేదు, బిల్డరు ఏది వేస్తే అదే ఉంచేసుకున్నాం. అప్పుడప్పుడు వంటింట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఆ పిల్ల గుర్తొస్తుంది. పరాయి చీర కట్టుకుని, పరాయి వంటింట్లో నిలబడి, నీలమా మీగడా అని మొగుడితో గొంతు చించుకుంటున్న పిల్ల. ఆ కాసేపూ ఆ ఇల్లు తనది కాదన్న సంగతి దానికి గుర్తే లేదు.