దేవుడు తీసే మచ్చు

నా చిన్నప్పుడు నేను చేసిన ఒక పని గుర్తొస్తే ఈ వయసులో కూడా నా మీద నాకే రోత పుడుతుంది. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. కానీ అది బయటపడిన రోజు నాకు జరిగిన మేలు చెప్పాలంటే ముందు ఆ రోత చెప్పక తప్పదు.

మా ఊరు వికారాబాదుకూ తాండూరుకూ మధ్య. అమ్మమ్మ దగ్గర పెరిగాను. బడికి పోలేదు. అమ్మమ్మే బైబిలు ముందు కూర్చోబెట్టి అక్షరాలు నేర్పింది. మా ఊళ్లో క్రైస్తవుల ఇళ్లు నాలుగే. రోజూ విసరడానికి జొన్నలు తీసేటప్పుడు ముందుగా ఒక పిడికెడు దేవుని పేర గురిగిలో పోసేవాళ్లం. ఆ చిన్న మట్టికుండను ఆదివారం చర్చికి తీసుకుపోయేవాళ్లం. చర్చి ఊడ్చే ముసలవ్వకు ఆ నాలుగిళ్ల జొన్నలే వారమంతా రొట్టెలు. నాకు తొమ్మిదేళ్లు రాగానే ఆ పిడికెడు తీసే పని అమ్మమ్మ నాకు అప్పజెప్పింది.

నాకు ఆ అవ్వంటే అసహ్యం. ముక్కు నిండా నశ్యం, గోళ్ల నిండా మట్టి. ఈమెకు మా తెల్లజొన్నలెందుకు అనిపించేది. ధాన్యం నిలవచేసే గుమ్మి అడుగున పాత జొన్నలు కొన్ని మిగిలిపోయి, పురుగు పట్టి, గూళ్లు కట్టి, ముక్కవాసన కొడుతుండేవి. రోజూ వాటిలోంచే పిడికెడు తీసి పోసేదాన్ని. శనివారం మాత్రం పైన ఒక పొర మంచి జొన్నలు పరిచేదాన్ని. అమ్మమ్మ చూసి మురిసిపోయేది. చర్చిలో అందరికంటే నేనే గట్టిగా ప్రార్థన చేసేదాన్ని. తలచుకుంటే పురుగులకంటే ఆ ప్రార్థనే నాకు ఎక్కువ రోత.

మా మేనమామది తాండూరు గంజిలో, అంటే ధాన్యం మార్కెట్టులో, మచ్చు తీసే పని. ఒక శనివారం పొద్దున్నే అమ్మమ్మను చూడటానికి వచ్చాడు. చేతిలో ఆయన పనిముట్టు ఉంది. మొనదేలి, లోపల కాలువలా తొలిచిన ఇనుప కడ్డీ. బస్తాలో పొడిస్తే నడిమి గింజలు ఆ కాలువలో పడి బయటికి వస్తాయి. పిడికెడు గింజలతో బస్తా మొత్తం ఎట్లా తెలుస్తుందని అడిగాను.

“మీద ఎవడైనా మంచిగనే పోస్తడు బిడ్డా. గందుకే నేను మీదిది చూడ. యాడ పొడుస్తనో ముందుగాల చెప్ప. గట్ల తీసిన పిడికెడు బస్తాను పట్టిస్తది.”

ఇదిగో చూడమని, నేను అప్పుడే పైపొర పరిచి పక్కన పెట్టిన గురిగిలోనే పొడిచాడు. వద్దు అనేలోపే ఆయన అరచేతిలో బూజు, పురుగులు, ఎలుక పెంటికలు రాలాయి. ఒక పురుగు మణికట్టు మీదికి పాకింది. అమ్మమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

“ఓ దొరసానీ! మా గంజిల సేట్లకు నువ్వే నేర్పినవా ఏంది?” అన్నాడు మామ.

అమ్మమ్మ చెయ్యెత్తింది. మామ పట్టుకుని ఆపాడు.

“కొట్టకే అమ్మా. దేవుడు నన్ను ఆదివారం పొడిస్తే పాటలే వస్తయి. మంగళారం గంజిల పొడిస్తే? హమాలోళ్లను నేను తిట్టే తిట్లింటే చెవులు మూస్కుంటవ్. ఆయన దినం చెప్పి రాడు గద.”

అమ్మమ్మ నన్ను కొట్టలేదు. గురిగి నిండా తెల్లజొన్నలు పోసి, నువ్వే పోయి చెప్పు అంది. అవ్వ గుడిసె ముందు నిలబడి ఏడుస్తూ చెప్పాను.

“నాకెర్కలేదా బిడ్డా? చెరిగి, సగం పారబోసి, మిగిలింది తిన్న.”

మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగాను.

“చెప్తే మీ అమ్మమ్మ నీ ఈపు పలగ్గొడ్తుండె గద,” అని నవ్వింది.

నా వీపు కోసం ఆమె ఎన్ని వారాలు అరకడుపుతో పడుకుందో అడిగే ధైర్యం నాకు రాలేదు. అంతవరకు ఆమె మీదున్న అసహ్యమంతా నా మీదికే తిరిగింది.

ఇప్పటికీ ఎవరైనా నన్ను భక్తిపరురాలంటే ఆ గురిగే గుర్తొస్తుంది. వెంటనే కళ్లు మూసుకుని, వారంలో చేతికి తగిలిన ఏదో ఒక రోజు, ఏదో ఒక గంట తీసి చూసుకుంటాను. మంచి గంటను నేనే ఏరుకుంటే అది మచ్చు కాదు. మొన్న అట్లా చూస్తే బుధవారం మధ్యాహ్నం వచ్చింది. పక్కింటి కోడలు చారెడు చింతపండు అడిగితే, ఇంట్లో ఉండీ లేదన్నాను. ఛీ అనుకున్నాను. ఇదంతా తెలిసీ నన్ను పారబోయని దేవునికి స్తోత్రం చెప్పుకుని, చింతపండు తీసుకుని పోయి పక్కింటి తలుపు తట్టాను.