బల్లకు రాని శాంతమ్మ

నా పేరు ఏసమ్మ, డెబ్బై రెండేళ్లు. పత్తికొండలో కొడుకు, కోడలు, మనవరాలు రూతుతో ఉంటాను. చదువు రాదు. రూతు ఫోన్లో చదివి వినిపించే మంచి మాటలు కంఠతా పట్టి చర్చిలో చెబుతాను.

ఈ రోజు "క్షమించిన మనసే మళ్లీ చిగురిస్తుంది" అని గట్టిగా చెప్పి, ఏసయ్య జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లలో చెయ్యి వేసి నా వంతు తీసుకున్నాను. మొన్న కొళాయి దగ్గర నాతో గొడవపడిన పొరుగింటి శాంతమ్మ మాత్రం లేవలేదు. బయట అందరి ముందూ నిలదీశాను.

"ఏమ్మే, బల్లకు రాలేదు, ఏం పాపం జేసినావు?"

"నీతో కొట్లాడినా గదక్కా. సమాధానపడకుండా చెయ్యి ఎట్ల ఏసేది?"

నేనైతే వేసి వచ్చాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఇన్ని మాటలు కూడబెట్టిన నోటికి "తప్పయింది" అన్న మాట రావడానికి ఇల్లు చేరేంత దూరం పట్టింది. మీకూ ఇట్లాంటిది జరిగుంటే చెప్పండి, నాకు కాస్త ఊరటగా ఉంటుంది.

ఇది నా వేలిముద్ర. సాక్షులు: రాసిన రూతు, పక్కన కూర్చుని నా మాటలు సరిదిద్దుతున్న శాంతమ్మ.