మా బావ జపాను దండయాత్ర

మా బావకి జపాను భాష రాదు. అయినా సరే, ఆ భాషలో తప్ప వీడియో గేమ్ ఆడడు.

ఈ ఒక్క ముక్క చెబితే మా బావ గురించి సగం చెప్పినట్టే. మిగతా సగం ఆయన పళ్ళు. అంటే నోట్లోవి కావు, చేతిలోవి. బావ కట్టుడు పళ్ళు తయారుచేస్తాడు. డాక్టర్లు పంపిన అచ్చుల్లో మైనం పోసి, చెక్కి, రంగు కలిపి, ఎవరి నోటికి తగ్గ వరస వాళ్ళకి చేసి పంపుతాడు.

"పొద్దస్తమానం పళ్ళికిలించే వాళ్ళే గానీ పలకరించే వాళ్ళు లేరు మరదలా, నా ఉద్యోగంలో. ఇంటికొచ్చాకైనా నాలుగు మాటలు వినాలని ఉండదా?" అంటాడు.

వినొచ్చు. మనకొచ్చిన భాషలో వినొచ్చు కదా!

ఆట కూడా ఈ కాలంది కాదు. బొమ్మలన్నీ చుక్కలు పేర్చి కట్టినట్టుంటాయి. కథానాయకుడి ముక్కు ఒకే ఒక్క చుక్క. ఆ ఒంటిచుక్క ముక్కు కుర్రాడు కత్తి పట్టుకుని ఊళ్ళు తిరుగుతూ, అడక్కుండా కొంపల్లో దూరి, బీరువాలు వెతికి, కనిపించిన ప్రతివాడినీ పలకరించి, చివరికి రాక్షసుణ్ణి చంపుతాడు. హమ్మయ్య అనుకునేలోపు రెండో భాగంలో వాడి మనవడు బయల్దేరతాడు. రాక్షసుడికీ మనవడుంటాడు. మూడో భాగంలో మునిమనవళ్ళు. రెండు వంశాలకీ ఇంకో పని లేదు.

"బీరువాలు వెతకడమేంటండీ? దాన్ని దొంగతనం అంటారు," అంది మా అక్క ఒకసారి.

"లోకాన్ని కాపాడే వాడికి ఆ మాత్రం చెల్లుతుందిలే."

"ముందు మన కుళాయి వాషర్ మార్చండి. లోకం సంగతి తర్వాత చూద్దాం."

అక్కా బావా మా పక్క వాటాలోనే ఉంటారు. ఆడుకునేదేదో అక్కడే ఆడుకోవచ్చు. కానీ ఆ ఆట మిషను కొత్త టీవీకి తగలదట, పాత డబ్బా టీవీయే కావాలట. ఆ డబ్బా టీవీ మా నాన్న గదిలో ఉంది. అంచేత బావ పనినుంచి రాగానే కాళ్ళు కడుక్కుని, ఇటుకంత నిఘంటువు చంకన పెట్టుకుని, సరాసరి నాన్న గదిలోకి పోయేవాడు. గోడకి పెద్ద అట్ట ఒకటి అంటించాడు. దానినిండా జపాను అక్షరాలు. ఒక్కో అక్షరం కింద దాని పలుకు మన అక్షరాల్లో.

ఇక ఇంట్లో గోల మొదలైంది.

ఓరోజు అమ్మ పోపు వేస్తుంటే లోపల్నుంచి "అత్తా!" అని పెద్ద కేక. నాన్నకేమైందోనని అమ్మ గరిటె పట్టుకునే పరిగెత్తింది. తీరా చూస్తే బావ తెరకేసి చూసి మురిసిపోతున్నాడు.

"ఏంటి అల్లుడూ?"

"ఏం లేదత్తయ్యా, తాళంచెవి దొరికింది. జపాను వాళ్ళు పోయింది దొరికితే 'అత్తా' అంటారు."

"దొరికితే అత్తని తల్చుకుంటారా! ఎంత మంచివాళ్ళు!" అంటూ అమ్మ మాడిన పోపు దగ్గరికి తిరిగెళ్ళింది. ఆ తర్వాత బావకి ఏది దొరికినా అమ్మకి పరుగే.

ఇంకో తంటా, వాళ్ళ భాషలో ఔను అనడానికి 'హాయ్' అంటారు. బావకి అది నాలిక్కి అతుక్కుపోయింది. పళ్ళ డాక్టరు ఫోన్ చేసి, "ఆ పెద్దావిడ కింది వరస అయిపోయిందా?" అంటే, "హాయ్."

"హాయ్ సరేనయ్యా. అయిపోయిందా?"

"హాయ్ హాయ్."

"పొద్దున్నే ఏం పట్టించావయ్యా?" అని డాక్టరు పెట్టేశాడట.

అయినా ఆటలో బావ చేసిన ఘనకార్యాల ముందు ఇవెంత! ఒక సత్రం వాడు ఏదో అడిగాడు. బావ మర్యాదస్తుడు కదా, హాయ్ అన్నాడు. వాడింకేదో అడిగాడు. మళ్ళీ హాయ్. బయటికొస్తే గుర్రం లేదు.

"అమ్మేశావా?" అన్నాను.

"అమ్మానో, దానం చేశానో, నిఘంటువు చూస్తే గానీ తెలీదు."

ఒంటిచుక్క ముక్కు కుర్రాడు ఆ భాగమంతా కాళ్ళీడ్చుకుంటూ నడిచాడు.

ఇదంతా మంచం పక్కన కుర్చీలో కూర్చుని మా నాన్న చూసేవాడు. చూడ్డమే. మాట్లాడేవాడు కాదు.

నాన్న అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవాడు. అచ్చుతప్పు కనబడితే ఆయనకి ఒంటిమీద తేలు పాకినట్టుండేది. పెళ్ళి శుభలేఖ అందుకుంటే పెళ్ళెవరిదో చూడకముందే ఎర్ర కలం తీసేవాడు. బావ పెళ్ళైన కొత్తలో మావగారికి భక్తిగా ఉత్తరం రాస్తే, దిద్ది తిరుగుటపాలో పంపాడు. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చింది. కాలు తేరుకుంది, చెయ్యి కాస్త నయం. మాటలే ఎటో పోయాయి. మనసులో అన్నీ ఉన్నాయి గానీ నోటికి వేరే మాట వచ్చేది. కళ్ళజోడు కావాలంటే "తలుపు" అనేవాడు. మేం తలుపు తీసేవాళ్ళం. అది కాదని తల కొట్టుకునేవాడు. అలా నాలుగైదుసార్లయ్యాక అసలు నోరు తెరవడమే మానేశాడు.

మాటలు నేర్పే డాక్టరమ్మ వచ్చేది. పాపం మంచావిడ. బొమ్మ కార్డు చూపించి, "ఇదేంటో చెప్పండి నాన్నగారూ? బం... బం..." అనేది. జీవితమంతా అక్షరాలు దిద్దిన మనిషికి బంతి బొమ్మ! నాన్న కార్డులు నేలకేసి కొట్టి గోడవైపు తిరిగిపోయేవాడు. ఇలా ఊరుకుంటే ఉన్న మాటలు కూడా తుప్పు పడతాయని ఆవిడ అమ్మతో చెప్పి వెళ్ళింది. అమ్మ వంటింట్లో కుళాయి తిప్పుకుని ఏడ్చింది.

అలా నెలలు గడిచాయి. ఒక సాయంత్రం నేను నాన్న గదిలో బట్టలు మడతపెడుతున్నాను. తెరమీద కుర్రాడు ఎవరో ముసలాయన ముందు మోకరిల్లాడు. కింద మాటలు పడ్డాయి. బావ వేలుపెట్టి చదివాడు.

"ససా! ససా అంటే ఏంటి మావయ్యా? ఊరా? మందా?"

నాన్న తల అడ్డంగా ఊపాడు. జపాను వాళ్ళ 'స', 'చి' అక్షరాలు ఒకటి అద్దంలో చూసుకుంటే ఇంకొకటిలా ఉంటాయి. మాకు రెండూ ఒకటే. నలభై రకాల అచ్చుల్లో కొమ్ముకీ సుడికీ తేడా పట్టిన కన్ను ఊరుకుంటుందా? నాన్న ఎడమచెయ్యి ఎత్తి అట్టకేసి చూపించాడు.

"ఆఁ, చూశాను. స. నేనన్నదీ అదేగా! ససా."

నాన్న కుర్చీ చెయ్యిమీద గట్టిగా కొట్టాడు.

"ససా," అన్నాడు బావ, ఇంకా రాగం తీస్తూ. "ససాసా..."

"తప్పు!"

నా చేతిలో చీర జారిపోయింది. బావ కదల్లేదు, తెరమీంచి చూపు తిప్పలేదు. "అయితే ఏమంటారు మావయ్యా?" అన్నాడు, మామూలుగా.

నాన్న మెడనరాలు బిగుసుకున్నాయి. "చి... చి!" అన్నాడు. మళ్ళీ, ఈసారి గట్టిగా, "చి! చి!"

అమ్మ గుమ్మంలోకి వచ్చింది. "ఎవరే ఆ మాట?"

"నాన్నేనే అమ్మా! బావని పట్టుకుని ఛీ ఛీ అన్నాడు!"

"అల్లుణ్ణి ఛీ అన్నారా? నా తండ్రే! ఎంత చల్లటి మాట!" అంటూ అమ్మ కూలబడి ఏడ్చింది. తర్వాత లేచి, చెంగుతో కళ్ళొత్తుకుంటూ వీధిలో ఇంటింటికీ వెళ్ళి చెప్పొచ్చింది. "మా ఆయన అల్లుణ్ణి ఛీకొట్టారండీ! నిక్షేపంలా కొట్టారు!"

ఈలోగా బావ నిఘంటువు తిరగేశాడు. "చిచి అంటే నాన్న అట మావయ్యా. ఆ ముసలాయన వీడి నాన్న."

నాన్న పక్కకి వంగిన మూతితోనే నవ్వాడు.

ఆ రోజునుంచి నాన్నకి పని దొరికింది. బావ చదవడం, నాన్న దిద్దడం. మనిషికి పోయిన మాటలు ఏ వరసలో తిరిగొస్తాయో డాక్టరమ్మకి తెలుసో లేదో గానీ, మా నాన్నకి మాత్రం తిట్ల వరసలో వచ్చాయి. తప్పు. కాదు. అటు కాదు. ఎడమకి. కళ్ళున్నాయా. బడుద్ధాయి. ఒకనాడు ఆటలోని అడవిలో బావ దారి తప్పితే నిండు వాక్యమే వచ్చింది. "వచ్చిన దారే... మళ్ళీ... వస్తావేంరా!" బావ ముఖం చూడాలి! పద్మ పురస్కారం ఇచ్చినా అంత వెలగదు.

అసలు సంగతి బావ తమ్ముడు వచ్చినప్పుడు బయటపడింది. టీవీ చూడగానే పకపకా నవ్వాడు.

"ఇదేనా ఇంకా! కాలేజీ రోజుల్లో అన్నయ్య ఇవన్నీ ఇంగ్లీషులో ఊదేశాడు వదినా. పరీక్షలు ఎగ్గొట్టి మరీ. ఏ మూల ఏ పెట్టె ఉందో కళ్ళకి గంతలు కట్టినా చెప్తాడు."

అక్క బావకేసి చూసింది. నేను చూశాను. బావ చేతిలోని పళ్ళవరసని ఊది ఊది తుడవడం మొదలెట్టాడు.

వరండాలో పట్టుకున్నాను. "బావా, దారంతా తెలిసే రోజూ ఆ అడవిలో తప్పిపోతున్నావా?"

"అరవకు మరదలా. నీకు తెలిస్తే అత్తయ్యకి తెలుస్తుంది, అత్తయ్యకి తెలిస్తే వీధికి తెలుస్తుంది."

"అయితే జపాను భాష?"

"అది నిజంగా రాదు. అందుకేగా మీ నాన్నకి మాట పోయాక జపానుది వెతికి తెచ్చింది! మాట రానివాడు ఇంట్లో ఒక్కడే ఉంటే పేషంటంటారు. ఇద్దరుంటే క్లాసంటారు. పైగా మీ నాన్నకి తప్పు కావాలి. పొరపాట్లు చెయ్యడంలో నాకంటే మొనగాడు ఈ ఇంట్లో ఎవడున్నాడు?"

"మరి గుర్రం? అదీ నాన్న కోసమేనా?"

బావ ముఖం చిన్నబోయింది. "అది నిజంగానే పోయింది."

నేనెవరికీ చెప్పలేదు, అమ్మకి తప్ప. నాన్నకి మాత్రం ఇప్పటికీ అల్లుడు పరమ మొద్దు. వీడు లేకపోతే లోకాన్ని ఎవరైనా కాపాడతారు గానీ, నేను లేకపోతే వీడు గడప దాటలేడని డాక్టరమ్మకి చెప్పాడు. ఆవిడ బొమ్మ కార్డుల్లో రెండు అచ్చుతప్పులు కూడా పట్టి పంపాడు.

ఇప్పుడు నాన్న మాట్లాడతాడు. ఆగి ఆగి, తడుముకుంటూ మాట్లాడతాడు గానీ, మానడు. పేపరు మీద, పాలవాడి లెక్క మీద, అమ్మ వంట మీద. నిన్న అమ్మ విసుగెత్తి బావ దగ్గరికొచ్చింది.

"నీకు పుణ్యముంటుంది అల్లుడూ, ఆ డబ్బాలో ఈయన్ని కాసేపు ఆపే బటనేదైనా ఉందా?"

బావ నోరు తెరిచేలోపే లోపల్నుంచి సవరణ వచ్చింది.

"బటన్ కాదు! మీట!"