బోర్లా పడే గింజలు

నా చిన్నప్పుడు నన్ను నలుగురిలో తలదించుకునేలా చేసిన ఒక మనిషి మీద కోపం చల్లారడానికి చాలా ఏళ్లు పట్టింది.

అప్పుడు మేము గల్ఫ్‌లో, అల్ ఐన్ అనే ఊళ్లో ఉండేవాళ్లం. అమ్మ ఆసుపత్రిలో నర్సు. క్వార్టర్స్ వరండాలో సుద్దతో గళ్లు గీసి పిల్లలం అష్టాచెమ్మా ఆడేవాళ్లం. మన ఊళ్లలో అయితే చింతపిక్కలు. అక్కడ ఖర్జూరం గింజలు. గాడి ఉన్న వైపు సిమెంటు మీద అరగదీస్తే చదునుగా, తెల్లగా అవుతుంది. నాలుగూ తెల్లగా పడితే నాలుగు, నాలుగూ బోర్లా పడితే ఎనిమిది.

ఒక శుక్రవారం పక్కింటి అమ్మాయి తాను అరగదీసిన గింజలతో వరసగా మూడాటలు గెలిచింది. నేను వాటిని లాక్కుని తిప్పి చూశాను. ఏ లోపమూ కనిపించలేదు. అయినా "తొండి!" అని అరిచాను. నా గొంతు పెద్దది కాబట్టి అందరూ నమ్మారు. ఆ అమ్మాయి గింజలు ఏరుకుని వెళ్లిపోయింది. మళ్లీ ఆటకు రాలేదు.

మాకు శుక్రవారాలు ఖర్జూరాలు తెచ్చే మామ ఒకాయన, కరీంనగర్ వైపు మనిషి, తోటల్లో పనిచేసేవాడు. ఆయన ఇదంతా చూశాడు. మరుసటి వారం నాకోసం కొత్త గింజలు చేసి తెచ్చాడు. వేసిన ప్రతిసారీ ఎనిమిదే. అన్ని ఆటలూ గెలిచి గంతులు వేస్తుంటే, "ఖలాస్, ఇగ ఆపు" అని ఒక గింజను నా అరచేతిలో పెట్టి, దాని వీపు తడమమన్నాడు. కత్తితో గట్టులా సన్నగా చెక్కి ఉంది. ఆ వీపు మీద నిలవలేక గింజ ఎప్పుడూ బోర్లానే పడుతుంది.

"ఓడినప్పుడు గింజలు తిప్పి చూసినవ్. గెలిచినప్పుడు ఎందుకు చూడలే, బిడ్డా?"

"నువ్వే తొండి చేశావు మామా!"

"అవ్, నేనే చేసిన. నువ్వు పట్టుకుంటవేమో అని చూసిన."

పిల్లలందరూ నవ్వారు. రెండు రోజులు ఉడికిపోయాను. మూడో రోజు, మామ మీద కోపం పోకపోయినా, పక్కింటి తలుపు తట్టి, ఆమె తొండి ఆడలేదని ఒప్పుకున్నాను. ఆమె క్షమించానని అనలేదు. తన గింజలు నాలుగూ నా చేతిలో పోసి, "ముందు చూసుకో. తర్వాత అరవకు" అంది.

తరువాత కళాశాల చర్చా పోటీల్లో ఎన్నోసార్లు నెగ్గాను. చప్పట్లు మోగినప్పుడల్లా ఆ కోపం లేచేది, కానీ అప్పటికి మామ మీద కాదు. ఓడినప్పుడు మాత్రమే న్యాయం గుర్తొచ్చేవాళ్ల మీద, వాళ్లలో ముందు వరసలో నిలబడ్డ నా మీద. ఈ వయసులోనూ, నెగ్గిన ప్రతి మాటకూ ఒకసారి వీపు తడిమి చూస్తాను.