శ్రీశైలమ్మగారి ఫైలు

కరుణాకరానికి ఒక్కటే జబ్బు. ఎవరి పేరు వెనకైనా ‘గారు’ లేకపోతే ఒళ్లు మండిపోతుంది. గిద్దలూరులో ఓ ప్రైవేటు బడికి హెడ్ క్లర్కు ఆయన. ఎల్‌కేజీ పిల్లల్ని కూడా "చింటూగారూ, ముక్కు తుడుచుకోండి" అంటాడు. మార్కాపురం బస్సులో కండక్టరు ఎవరినో "ఏయ్ ముసలోడా, జరుగు" అన్నాడని బస్సు ఆపించి యుద్ధం చేశాడు. చివరికి ఆ ముసలాయనే దండం పెట్టి, "నాయనా, నేను దిగి నడిచి పోతాలే" అన్నాడు.

బడిలో కంప్యూటర్ ఆపరేటర్ ప్రేమకుమారికి ఆయనంటే ఇష్టమే కానీ, ఆ శుక్రవారం మాత్రం పళ్లు నూరింది. ఆయా శ్రీశైలమ్మకు సాయంత్రం వీడ్కోలు సభ. తెలుగు మాస్టారు రాసిచ్చిన సన్మానపత్రం టైపు చేసి, ఆ కాగితం చించేసి, అన్నానికెళ్లింది. వచ్చి ప్రింటు తీద్దామంటే ఫైలు తెరుచుకోదు!

"నా ఫైలు ఎవరు ముట్టుకున్నారు?"

"నేనే, ప్రేమకుమారిగారూ!" అన్నాడు కరుణాకరం, ఆమె కంటే కోపంగా. "ఫైలుకు పెద్దావిడ పేరు పెట్టి, పక్కన చుక్క పెట్టి ‘డాక్స్’ ఏంది? అదేం మర్యాద? అది తీసేసి ‘గారు’ అని కొట్టినా."

"కంప్యూటరు వద్దనలేదా సార్?"

"అనింది. మారిస్తే ఫైలు పనికిరాకుండా పోతాదని బెదిరించింది. గౌరవమిస్తే ఎవరైనా పనికిరాకుండా పోతారా? ఎస్ నొక్కినా!"

ప్రేమకుమారి తల పట్టుకుంది. చుక్క తర్వాత ఉన్నది చూసే అది ఏ రకం ఫైలో కంప్యూటరు పోల్చుకుంటుందనీ, ‘గారు’ రకం ఫైలు లోకంలోనే లేదనీ చెప్పింది. లోపలి రాతకేం కాలేదు, డాక్స్ మళ్లీ పెడితే చాలని బతిమాలింది.

కరుణాకరం కీబోర్డు లాక్కుని గుండెకు హత్తుకున్నాడు. "గారు తీయనియ్యను! ఇన్నేళ్లూ పిల్లల ముక్కులూ ముడ్లూ కడిగిన మనిషి. ఆఖరికి కంప్యూటరు కూడా చులకన చేయాల్నా?"

"తీయను సార్, మీకు పుణ్యముంటది! చుక్కకు ముందు గారు, తర్వాత డాక్స్. రెండూ ఉంటాయి."

అనుమానంగానే కీబోర్డు వదిలాడు. ఫైలు తెరుచుకుంది. అక్షరం చెదరలేదు. ప్రేమకుమారి ప్రింటు తీసుకుని సభకు పరుగెత్తింది.

పత్రం చదివి, శాలువా కప్పి, శ్రీశైలమ్మను నాలుగు మాటలు మాట్లాడమన్నారు. ఆమె మైకు గట్టిగా పట్టుకుంది.

"అప్పట్లో మా ఆయన తాగొచ్చి కొట్టేవాడు. ఒకనాడు ఈ సారు మా వాకిట్లోకొచ్చి, ‘శ్రీశైలమ్మగారున్నారా అండీ?’ అని అడిగినాడు. మా ఆయన బిత్తరపోయినాడు. మర్నాడూ వచ్చినాడు. పనేం లేదు, ఊరికే అడిగి పోయేది. అట్ల నెలంతా వచ్చినాడు. ఆ తర్వాత మా ఆయన చెయ్యెత్తితే ఒట్టు!"

బడంతా కరుణాకరం వైపు తిరిగింది. ఆయన నేల చూపులు చూస్తున్నాడు. ఇంత పని చేసి ఒక్కరికీ చెప్పలేదేమని ప్రేమకుమారికి ఆయన మీద మళ్లీ ఒళ్లు మండింది.

వెనక వరసలోంచి శ్రీశైలమ్మ మొగుడు, మేకల ఓబులయ్య, ఎగిరి లేచాడు.

"ఏందే, ఇంట్లో సంగతులు మైకులో..." అని అరవబోయి, కరుణాకరం కూడా లేచి నిలబడటం చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"...మైకులో చెప్తారేందండీ, శ్రీశైలమ్మగారూ?"