వంతు తప్పిన వల

రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. చూసొచ్చి వారమైనా ఆ అదురు ఇంకా తగ్గలేదు మరి.

అరాజకవాదం గురించి ఆరేళ్లుగా చదువుతున్నాను. గురువెవరూ లేరు, ఒక పాత పుస్తకాల కొట్టూ, నా కళ్లద్దాలూ. (కళ్లద్దాలది వేరే కథ, వదిలేయండి.) పేపర్లలో ఆ మాటకు అర్థం బస్సులు తగలబెట్టడం. ఆ తత్వం చెప్పేది మాత్రం, మనిషి నెత్తిన ఇంకో మనిషి అధికారం అక్కర్లేదని, సమానులు కూడి ఒప్పుకున్న మాట మీద బతకగలరని. అది కళ్లారా చూడాలంటే అల్లూరు అవతలి సముద్రపు ఒడ్డుకు పొమ్మన్నాడొక మిత్రుడు. అక్కడ ఒడ్డు నుంచి లాగే పెద్ద వలలను వంతులవారీగా వేస్తారు. వంతు ఎవరిదైనా తాడు పట్టేది పల్లె అంతా. పెద్దమనిషి లేడు, కాగితమూ లేదు.

నెల్లూరులో ఐదున్నర బస్సెక్కి కోవూరు మీదుగా ఏడుకల్లా అల్లూరులో దిగాను. అక్కణ్ణించి ఆటో, మూడొందలన్నాడు, రెండొందల యాభైకి దిగాడు. డ్రైవరు కోటయ్యది ఆ పల్లే. దారంతా రొయ్యల గుంటలు. ఒడ్డున టీ కాచే రమణమ్మ గ్లాసు చేతికిచ్చి డబ్బు వద్దంది. "మా పల్లె చూడను వచ్చినావు, పైసలేంది సామీ!" నా పుస్తకాలన్నీ నిజమైనట్టు పొంగిపోయాను.

నాలుగడుగులు వేస్తే ఇసుకలో ఒక మొగుడూ పెళ్లామూ తాడు లాగుతున్నారు. నలభై మంది చేతులు కట్టుకుని చూస్తున్నారు.

"ఇదేంటి కోటయ్యా?"

"ఇయ్యాల వంతు వేరేవోళ్లది. చేపల గుంపు కనపడిందని వీడు ముందే ఏసేసినాడు."

"సాయం పట్టొద్దని ఎవరు చెప్పారు?"

"ఎవురు చెప్పాల సామీ?"

"అలల్లో వల చినిగిపోతుందయ్యా!"

"పోద్ది." కాలితో ఇసుక తోసి అన్నాడు, "వాడు నా తమ్ముడే."

అటునుంచి కేక వినబడింది: "అన్నా, ఒక్క చెయ్యెయ్యన్నా! ఉండేది ఈ వలొక్కటే!" కోటయ్య సముద్రం వంక తిరిగాడు.

నేనే పోయి తాడు పట్టుకున్నాను. ఎవరూ ఆపలేదు. అరచేతులు ఒరుసుకుపోయాయి, వల జానెడు కూడా కదల్లేదు. చివరికి ఆ తమ్ముడే రొమ్ము లోతు నీళ్లలోకి దిగి, చేపలు చేరే వల చివరి సంచి ముడి విప్పేశాడు. చేపలన్నీ పోయాయి, వల దక్కింది.

"రేపు వాడి వంతు," అన్నాడు కోటయ్య, కళ్లు తుడుచుకుంటూ. "మొదట తాడు పట్టేది నేనే."

రాజు లేకపోతే శాసనం ఉండదని నేనెప్పుడూ అనుకోలేదు. అది నలభై మంది కట్టుకున్న చేతుల్లో ఉంటుందనీ, అందులో రెండు సొంత అన్నవి అవుతాయనీ మాత్రం ఏ పుస్తకం చదివినప్పుడూ తట్టలేదు. పోలీసు ముందైతే బతిమాలుకోవచ్చు. అక్కడ ఎవర్ని బతిమాలాలి? ఆ తత్వం మీద నా ఇష్టం పోలేదు కానీ, దాని బరువెంతో ఇప్పుడు తెలిసింది. మీరు వెళితే, ఆ రోజు వంతు ఎవరిదో అడిగాకే తాడు ముట్టుకోండి.

తిరిగొస్తూ టీ కొట్టు దగ్గర ఆగాం. పొయ్యి మీద పాలు కాగుతున్నాయి. రమణమ్మ కోటయ్యకు గ్లాసు ఇచ్చింది. నాకు పాలు అయిపోయాయంది.